హోం కేర్ సంస్థలు: నాయకత్వ విలువలు, సేవల నాణ్యత

రోగులకూ వృద్ధులకూ సొంత ఇంట్లోనే నర్సింగు, ఫిజియోథెరపీ, రోజువారీ ఆలనాపాలనా, కావలసిన పరికరాలు సమకూర్చే సంస్థలను హోం కేర్ సంస్థలు అంటారు. హైదరాబాదులో, ముఖ్యంగా జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిసరాల్లో, గత మూడు దశాబ్దాలుగా ఈ రంగం పెరుగుతూ వచ్చింది. ఇందులో రెండు తీరులున్నాయి. ఒకటి ‘బ్యూరో’. ఫోన్ చేస్తే ఆయమ్మనో, సిస్టర్‌నో, బ్రదర్‌నో పంపి, కమీషన్ తీసుకుంటుంది. మనిషి గుమ్మం దాటి లోపలికి వెళ్ళాక దాని పని దాదాపు అయిపోయినట్టే. రెండోది వైద్య పర్యవేక్షణ ఉన్న సంస్థ. రోగిని ముందుగా చూసి ఏం చేయాలో రాసిపెట్టే డాక్టరో సీనియర్ నర్సో, వారానికోసారి వచ్చి చూసే సూపర్‌వైజరో, అర్ధరాత్రి ఫోన్ చేస్తే పలికే మనిషో అందులో ఉంటారు. ఈ రెండింటి మధ్య ఎన్నో మెట్లున్నాయి. బోర్డు మీద పేరును బట్టి ఏది ఏదో చెప్పడం కష్టం.

ఆసుపత్రి వార్డులో ఒక నర్సు చేసే పనిని పదిమంది చూస్తుంటారు. హెడ్ సిస్టర్, డ్యూటీ డాక్టరు, పక్క మంచం రోగి బంధువులు, తర్వాతి షిఫ్టు నర్సు, వీళ్ళలో ఎవరో ఒకరి కంట పొరపాటు పడుతుంది. ఇంట్లో అలా చూసేవాళ్ళు ఉండరు. రాత్రి రెండు గంటలకు మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పారా లేదా అన్నది ఆ గదిలో ఉన్న ఇద్దరికే తెలుసు. వాళ్ళలో ఒకరు నోరు తెరిచి చెప్పలేని స్థితిలో ఉండొచ్చు. అందుకే ఇంటి వద్ద వైద్యంలో నాణ్యత గురించి మాట్లాడటమంటే చాలావరకు సంస్థను నడిపేవారి గురించి మాట్లాడటమే. వాళ్ళు ఆ గదిలోకి రారు. జీతం ఏ తేదీన ఇవ్వాలి, సెలవు పెడితే రిలీవర్ ఎవరు, పొరపాటు ఒప్పుకున్న మనిషిని ఏం చేయాలి, చేతకాని కేసును వద్దనాలా అని వాళ్ళు ఆఫీసులో కూర్చుని తీసుకునే నిర్ణయాలు మాత్రం ఆ గదిలో రాత్రంతా పనిచేస్తూనే ఉంటాయి.

ప్రాంత నేపథ్యం

జూబ్లీహిల్స్ 1960లలో సహకార గృహనిర్మాణ సంఘంగా మొదలైంది. చల్లగళ్ల నరసింహం దానికి ఆద్యులు. అప్పటికి అక్కడ ఉన్నవి బండరాళ్ళు, ముళ్ళపొదలు. సినీ పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చే క్రమంలో అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు ఈ కొండల మీదా వాటి అంచుల్లోనూ వెలిశాయి. వాటిని అంటిపెట్టుకుని ఫిల్మ్‌నగర్ పెరిగింది. 1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి తెరిచారు. చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసులో మొదలుపెట్టిన సంస్థకు ఇది కొనసాగింపు. ఎన్.టి. రామారావు తన భార్య పేరిట తలపెట్టిన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి 2000లో బంజారాహిల్స్‌లో ప్రారంభమైంది. పెద్ద ఆసుపత్రులు దగ్గరలో ఉండటంతో ఐ.సి.యు. నుంచి నేరుగా ఇంటికి వెళ్ళే రోగులూ, వాళ్ళ వెంట వెళ్ళే నర్సులూ ఇక్కడ ముందుగా కనిపించారు.

తొలితరం యజమానుల్లో ఉన్నవారు ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్ళు దాటారు. వాళ్ళ పిల్లల్లో చాలామంది అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. రెండంతస్తుల ఇంట్లో ఒక పెద్దావిడ, ఒక వంటమనిషి, ఒక వాచ్‌మన్, హోం కేర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండటం ఈ వీధుల్లో మామూలు. ఆ అమ్మాయి సాధారణంగా కొండ దిగువన కృష్ణానగర్‌లోనో, యూసుఫ్‌గూడలోనో, రహమత్‌నగర్‌లోనో అద్దెగదిలో ఉంటుంది. ఆ బస్తీల్లోనే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డ్రైవర్లు, కాస్ట్యూమ్ పనివాళ్ళు కాపురముంటారు. సంరక్షణ ఇచ్చేవాళ్ళూ, రేపు అదే సంరక్షణ కావలసి వచ్చి కొనలేనివాళ్ళూ ఒకే సందులో బతుకుతున్నారు.

ఇంట్లో అందే వైద్యానికి ఏపాటి విలువుందో తెలుగువారందరికీ తెలిసిన ఒక ఉదంతం చెబుతుంది. అక్కినేని నాగేశ్వరరావు తనకు క్యాన్సర్ వచ్చిందని 2013 అక్టోబరులో విలేకరుల సమావేశం పెట్టి స్వయంగా చెప్పారు. శస్త్రచికిత్స తర్వాత ఇంట్లో ఉండగానే, అక్కడికే రికార్డింగు పరికరాలు తెప్పించుకుని ‘మనం’ చిత్రంలో తన పాత్రకు డబ్బింగ్ పూర్తిచేశారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. సినిమా మే నెలలో విడుదలైంది. చివరి రోజుల్లో మనిషి తాను ఏ పని చేస్తూ బతికాడో ఆ పని చేసుకోగలగడం హోం కేర్ ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికన్నా గొప్పదని ఈ వ్యాసకర్త నమ్మకం. నాణ్యతను కొలిచే ఏ పట్టికలోనూ దీనికి గడి ఉండదు.

పుట్టుపూర్వోత్తరాలు

ఆధునిక ఇంటి నర్సింగుకు మొదలు లివర్‌పూల్‌లో కనిపిస్తుంది. 1859లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి మరణశయ్య మీదున్న భార్య కోసం మేరీ రాబిన్సన్ అనే నర్సును ఇంట్లో పెట్టుకున్నాడు. భార్య పోయాక, డబ్బున్న ఇంట్లోనే ఇంత ఊరట ఇచ్చిన పని పేదల ఇళ్ళలో ఎంత మేలు చేస్తుందోనని, అదే నర్సుకు జీతమిచ్చి నగరంలోని బీద ఇళ్ళకు పంపాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ సలహాతో 1862లో నర్సుల శిక్షణాలయం వచ్చింది. జిల్లా నర్సింగు అనే వ్యవస్థ దాన్నుంచే పెరిగింది.

నైటింగేల్ రోగి సంరక్షణ మీద రాసిన పుస్తకంలో ఒక అధ్యాయమంతా చిన్నచిన్న ఏర్పాట్లకే కేటాయించింది. తాను దగ్గరున్నప్పుడు చేసే పని, తాను లేనప్పుడు కూడా జరిగేలా చూడటమే బాధ్యత తీసుకోవడమని ఆమె వాదన. అన్నీ తానే చేసే మంచి నర్సు ఒక గంట బయటికి వెళ్ళగానే రోగికి మందు అందకపోతే, ఆ మంచితనం రోగికి పనికిరాలేదన్నమాట. నూట అరవై ఏళ్ళు దాటినా హోం కేర్ నాయకత్వం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పినవాళ్ళు అరుదు.

తెలుగునాట ఇంటికొచ్చి చూసే ఫ్యామిలీ డాక్టరు, కాన్పు చేసే మంత్రసాని, ఇంజక్షన్ చేసి వెళ్ళే కాంపౌండరు పాత అలవాటే. సంస్థ రూపం మాత్రం ఆలస్యంగా వచ్చింది. హైదరాబాదులో వృద్ధుల వైద్యాన్నీ, ఇంటి సేవలనూ కలిపి ఆలోచించిన తొలితరంలో కె.ఆర్. గంగాధరన్, ఆయన నడిపిన హెరిటేజ్ సంస్థ చెప్పుకోదగ్గవి. ఆయన తర్వాత అంతర్జాతీయ వృద్ధాప్య సమాఖ్యకు అధ్యక్షులయ్యారు. 2010 తర్వాత పెట్టుబడులు వచ్చాయి. మీనా గణేశ్, కె. గణేశ్ దంపతుల ఆధ్వర్యంలో బెంగళూరు నుంచి పోర్టియా, అపోలో బృందం నుంచి అపోలో హోంకేర్ ఈ నగరంలో విస్తరించాయి. ఉత్తరాదిన డాబర్ కుటుంబం అండతో మొదలైన హెచ్.సి.ఎ.హెచ్. 2022లో హైదరాబాదు సంస్థ సువితాస్‌ను కొనుగోలు చేసింది. 2020 కోవిడ్ కాలం అందరినీ ఒక్కసారిగా ఈ రంగం వైపు నెట్టింది. మంచాలు ఖాళీ లేని ఆసుపత్రులు ఇంటి ఐసోలేషన్ ప్యాకేజీలు అమ్మాయి. తెలంగాణ ప్రభుత్వం ఇంట్లో ఉన్న రోగుల కోసం ‘హితం’ యాప్ తెచ్చింది. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అంటే ఏమిటో ప్రతి వీధికీ తెలిసిపోయింది.

నాణ్యత ఎక్కడ ఉంటుంది

వైద్య నాణ్యతను అధ్యయనం చేసిన అవేడిస్ డోనబేడియన్ 1966లో దాన్ని మూడు చోట్ల వెతకమన్నాడు: ఉన్న వనరుల్లో, జరిగిన పనిలో, వచ్చిన ఫలితంలో. హోం కేర్ కంపెనీల ప్రకటనలు మొదటిదాని గురించే మాట్లాడతాయి. ఇంత మంది నర్సులు, ఇన్ని నగరాలు, ఇలాంటి యాప్ అంటాయి. అసలు నాణ్యత రెండోదానిలో, అంటే మంచం పక్కన, ఉంటుంది.

పక్షవాతం వచ్చి మంచం మీదున్న మనిషి విషయమే తీసుకుందాం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది ఎప్పటినుంచో పాటించే నియమం. నడుము కింది ఎముక, తుంటి, మడమలు రోజూ చూడాలి. వేలితో నొక్కి వదిలినా పోని ఎరుపు కనిపిస్తే పుండు మొదలవుతున్నట్టు. నల్లటి చర్మం మీద ఆ ఎరుపు సులువుగా కనబడదు, చేత్తో తాకి వేడినీ గట్టిదనాన్నీ పట్టుకోవాలి. ముక్కు గొట్టంతో ఆహారం పెట్టేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, పెట్టాక కూడా కాసేపు పడుకోబెట్టకూడదు, లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూత్రపు సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే వేలాడాలి. వీల్‌చైర్‌లో కూర్చోబెట్టినప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టేవాళ్ళను చూస్తుంటాం. ఇన్సులిన్ మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాల్లోనూ, 100 యూనిట్ల రకంలోనూ దొరుకుతుంది. ఒకదాని సిరంజితో మరొకటి ఎక్కిస్తే మోతాదు రెండున్నర రెట్లు తారుమారవుతుంది.

వీటిలో దేనికీ ఖరీదైన పరికరం అక్కర్లేదు. నేర్పిన మనిషి, నిద్ర చాలినంత పోయిన మనిషి, పట్టించుకునే మనిషి కావాలి. ఆ మూడింటినీ సంస్థ ఇవ్వగలదు, పాడుచేయనూగలదు.

నాయకత్వం రోగి గదిలోకి చేరే దారులు

మొదటి దారి డ్యూటీ, జీతం. ఈ రంగంలో పన్నెండు గంటల డ్యూటీ, ఇరవైనాలుగు గంటల డ్యూటీ అని రెండు రకాలు నడుస్తాయి. రెండోదానిలో మనిషి రోగి గదిలోనే పడుకుంటుంది, పిలిచినప్పుడల్లా లేస్తుంది. నెలల తరబడి తెగకుండా నిద్రపోని మనిషి నుంచి రెండు గంటలకోసారి పక్క మార్చడం ఆశించడం న్యాయం కాదు, జరగదు కూడా. ఇరవైనాలుగు గంటల డ్యూటీకి వారానికో రోజు రిలీవర్‌ను పంపే సంస్థలున్నాయి, ఆ ఊసే ఎత్తనివీ ఉన్నాయి. రిలీవర్‌కు అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నది చిన్న లెక్కలా కనిపిస్తుంది కానీ, ఆ సంస్థ విలువలు అక్కడే తేలిపోతాయి. జీతం ఆలస్యమైతే మనిషి మానేస్తుంది. మనిషి మారినప్పుడల్లా రోగి అలవాట్లు, మింగడంలో ఇబ్బంది, ఏ కాలు నొప్పి అన్న సంగతులు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సుకు నెలకు రూ.20,000 కన్నా తగ్గకూడదని సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఆసుపత్రుల గురించి. ఇళ్ళలో పనిచేసే ఆయమ్మలకు అంతపాటి మాటసాయమూ లేదు.

కుటుంబాలు మంచి మనిషి దొరికితే బ్యూరోను పక్కనపెట్టి నేరుగా పెట్టుకోవాలని చూస్తాయి. దానికి భయపడి కొందరు నిర్వాహకులు సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకోవడం, డిపాజిట్ పట్టుకోవడం, ఒకే ఇంట్లో ఎక్కువ నెలలు ఉండనీయకుండా మార్చేయడం చేస్తారు. మూడోది రోగికి నేరుగా తగిలే దెబ్బ. మార్పునకు అలవాటు పడలేని మతిమరుపు జబ్బు రోగికి ప్రతి రెండు నెలలకూ కొత్త ముఖం చూపించడమంటే అతన్ని ప్రతిసారీ భయపెట్టడమే. మనిషిని నిలుపుకోవడానికి జీతం, గౌరవం, శిక్షణ అనే దారులు ఉండగా సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే సంస్థ నాణ్యత గురించి ఎన్ని మాటలు చెప్పినా నమ్మకూడదు.

రెండో దారి తప్పును ఒప్పుకోవడం. ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1996లో ప్రచురించిన ఆసుపత్రి అధ్యయనంలో ఒక వింత సంగతి బయటపడింది. మంచి నాయకత్వం, మంచి సఖ్యత ఉన్న బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్ళు ఎక్కువ తప్పులు చేయడం అందుకు కారణం కాదు, దాచకపోవడం కారణమని ఆమె తేల్చింది. ఇంటి సంరక్షణలో ఈ విషయం ఇంకా పదునుగా పనిచేస్తుంది. రోగి మంచం మీంచి జారి కిందపడ్డాడు, దెబ్బ కనబడలేదు అనుకుందాం. చెబితే ‘ఎందుకు చూసుకోలేదు’ అని రోజు జీతం కోస్తారు, ఇంటివాళ్ళు మనిషిని మార్చమంటారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రక్తం పలచబడే మందు వాడుతున్న ముసలి మనిషికి తల తగిలితే లోపల రక్తస్రావం గంటల తర్వాత బయటపడవచ్చు. ఆ రాత్రి ఆ అమ్మాయి ఫోన్ తీస్తుందా లేదా అన్నది, ఇంతకుముందు ఫోన్ చేసి నిజం చెప్పిన మరో అమ్మాయికి ఆఫీసులో ఏం జరిగిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ వార్త హాస్టల్ గదుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఏ సర్క్యులర్ కన్నా వేగంగా పాకుతుంది.

మూడోది వద్దనగలగడం. గొంతులో ట్రాకియాస్టమీ గొట్టం ఉన్న రోగికి సక్షన్ (ఆ గొట్టంలోని కఫాన్ని యంత్రంతో లాగేయడం) తెలిసిన నర్సు కావాలి. ఆ రోజు అలాంటి మనిషి లేరు. పక్కవీధి ఏజెన్సీ ‘పంపిస్తాం సార్’ అని ఎవరినో ఒకరిని పంపేస్తుంది. కేసు పోగొట్టుకోవడానికి సిద్ధపడే యజమాని మాత్రమే లేరని చెప్పగలరు. నెలకు ఇన్ని కేసులు తేవాలని సేల్స్ వాళ్ళకు లక్ష్యాలు పెట్టి, రోగిని ముందుగా అంచనా వేసే నర్సు మాటకన్నా ఆ లక్ష్యాలకే విలువిచ్చే చోట ఈ నిజాయితీ బతకదు. ఫీల్డులో తిరిగే నర్సు ‘ఈ కేసు మనవల్ల కాదు’ అంటే అదే చివరి మాటగా ఉండాలి.

జూబ్లీహిల్స్ లాంటి చోట మరో ఒత్తిడి తోడవుతుంది. పేరున్న ఇంట్లో, డబ్బున్న ఇంట్లో ఇరవై రెండేళ్ళ నర్సు ఒక్కతే నిలబడి ‘ఈ ఇంజక్షన్ డాక్టరు రాయకుండా చేయను సార్’ అనడం తేలిక కాదు. నిద్రమాత్ర ఎక్కువ వేయమని, ఆసుపత్రికి తీసుకెళ్ళొద్దని, బి.పి. పడిపోయిన సంగతి అమెరికాలో అన్నయ్యకు చెప్పొద్దని ఒత్తిడి వస్తుంది. ‘మా సిస్టర్ చెప్పింది సరైనదే’ అని ఆఫీసు నుంచి ఆ ఇంటి యజమానికి ఒక ఫోన్ వస్తే ఆమె నిలబడుతుంది. రాకపోతే లొంగిపోతుంది. పెద్ద క్లయింటును నొప్పించలేక సొంత సిబ్బందిని వదిలేసే సంస్థ చివరికి ఆ పెద్ద క్లయింటుకే హాని చేస్తుంది.

ఇంట్లో ఉన్న స్త్రీ భద్రత కూడా ఇందులో భాగమే. పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పనిస్థలంగా గుర్తించింది. అయినా అర్ధరాత్రి వేధింపు ఎదురైతే ఎవరికి ఫోన్ చేయాలో, వెంటనే బయటికొస్తే ఆ రోజు జీతం పోతుందో లేదో ముందుగా చెప్పని సంస్థలే ఎక్కువ. రాత్రి డ్యూటీ ముగిసి తెల్లవారుజామున కొండ మీంచి బస్సు స్టాపు దాకా నడిచే దూరం కూడా ఎవరో ఒకరు ఆలోచించాల్సిన విషయమే.

గోప్యత విషయంలో ఫిల్మ్‌నగర్‌కు తనదైన కష్టం ఉంది. నటుడి ఇంట్లో మంచం పక్కన తీసిన ఒక్క ఫోటో నిమిషాల్లో యూట్యూబ్ థంబ్‌నెయిల్ అవుతుంది. కొన్ని సంస్థలు సిబ్బంది ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తాయి. అది అవమానకరం, పైగా ప్రమాదకరం. రోగి కుప్పకూలితే ఆ నర్సు ఎవరికి, ఎలా చెప్పాలి? రోగి పరువు ఎందుకు కాపాడాలో శిక్షణలో నేర్పి, అనామకుడైన రోగికీ అదే నియమం పాటించే సంస్థ మీద ఎక్కువ ఆధారపడవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం రోగి వివరాలను యాప్‌లలో పెట్టుకునే కంపెనీల మీద బాధ్యత మోపింది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ల్యాబ్ రిపోర్టులు కూడా రోగి వివరాలే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. డబ్బు కట్టేవారు ఒకరు, సేవ పొందేవారు మరొకరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుక్కి రోజూ ఫోటోలు, చార్టు, వీడియో కాల్ అందితే సంతృప్తిగా ఉంటుంది. అందుకని కొన్ని సంస్థలు ఆ కొడుకును మెప్పించడం మీదే శ్రద్ధ పెడతాయి. ఉదయం ఏడింటికే స్నానం చేయించి, పౌడరు రాసి, కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫోటో చూడముచ్చటగా ఉంటుంది. ఆ అమ్మగారికి ఏడింటికి లేవడం ఇష్టమేనా అని ఎవరూ అడిగి ఉండరు. కాళ్ళు చేతులు ఆడకపోయినా మనసు బాగా పనిచేసే మనిషి ఇష్టాయిష్టాలను తెలుసుకుని చార్టులో మొదటి వరుసలో రాయించే సూపర్‌వైజరు ఉన్న చోట రోగి జీవితం వేరుగా ఉంటుంది.

ఇతర దేశాల అనుభవం

జపాన్ 2000లో వృద్ధుల దీర్ఘకాల సంరక్షణకు బీమా తెచ్చింది. ఆ డబ్బు ఆధారంగా గుడ్‌విల్ బృందానికి చెందిన కోమ్సన్ దేశంలోకెల్లా పెద్ద హోం కేర్ సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. 2007లో, పని మానేసిన సహాయకులను ఉన్నట్టు చూపి కేంద్రాలకు అనుమతులు తెచ్చుకున్న సంగతి బయటపడటంతో, అనుమతులు పునరుద్ధరించేది లేదని ప్రభుత్వం తేల్చింది. సంస్థ ఈ రంగం నుంచే తప్పుకుంది. వేలాదిమంది వృద్ధులను ఇతర సంస్థలకు అప్పగించాల్సి వచ్చింది. విస్తరణ వేగాన్ని నాయకత్వం విజయంగా లెక్కపెట్టిన చోట సిబ్బంది కాగితం మీద పేర్లుగా మిగిలారు.

నెదర్లాండ్స్‌లో దానికి ఎదురు దారి కనిపిస్తుంది. అక్కడ ఇంటి నర్సింగును స్నానానికి ఇన్ని నిమిషాలు, కట్టు మార్చడానికి ఇన్ని నిమిషాలు అని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో మనిషిని పంపేవారు. ఆ పద్ధతితో విసిగిన యోస్ డి బ్లోక్ అనే నర్సు 2006లో బ్యూర్ట్‌జోర్గ్ స్థాపించాడు. పన్నెండు మందికి మించని నర్సుల బృందం ఒక పేటను చూసుకుంటుంది. డ్యూటీలు, సెలవులు, కొత్తవారిని తీసుకోవడం అన్నీ వాళ్ళే నిర్ణయించుకుంటారు. ఆఫీసు వాళ్ళకు ఆదేశాలివ్వదు, సాయం చేస్తుంది. కొన్నేళ్ళలో ఇది వేలమంది నర్సుల సంస్థ అయింది. శిక్షణ అంతంతమాత్రంగా ఉన్న మన ఆయమ్మలకు ఈ నమూనా యథాతథంగా కుదరదు. కానీ ఒక పేటను ఒక చిన్న బృందానికి అప్పగించడం కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఉన్న ఈ కొద్ది మేరలో నిశ్చయంగా ప్రయత్నించదగ్గది. రిలీవర్ సమస్య సగం దానితోనే తీరుతుంది.

ఇంగ్లండులో సంరక్షణ సంస్థలను తనిఖీ చేసే కమిషన్ ప్రతి సంస్థనూ ఐదు ప్రశ్నలతో కొలుస్తుంది. సురక్షితమా, ఫలితమిస్తోందా, ఆదరణ ఉందా, అవసరానికి స్పందిస్తోందా అన్నవి నాలుగు. ఐదోది సంస్థను సరిగా నడిపిస్తున్నారా అని. అంటే నాయకత్వాన్నే నాణ్యతలో ఒక భాగంగా తనిఖీ చేసి రేటింగు ప్రజలముందు పెడతారు.

చట్టం, గుర్తింపు

మన దగ్గర అలాంటి తనిఖీ లేదు. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం ఆసుపత్రులను, ల్యాబులను దృష్టిలో పెట్టుకుని రాసింది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. దాన్ని సవరించడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన బిల్లు, వృద్ధులకు ఇంటి సేవలందించే ఏజెన్సీలు నమోదు చేసుకోవాలని, కనీస ప్రమాణాలు పాటించాలని ప్రతిపాదించింది. అది చట్టం కాకుండానే 2024లో ఆ సభ కాలం ముగిసింది. అదే ఏడాది నీతి ఆయోగ్ వృద్ధుల సంరక్షణ సంస్కరణల మీద ఒక పత్రం వెలువరించింది. నైపుణ్య శిక్షణలో ‘హోం హెల్త్ ఎయిడ్’ అనే కోర్సు ఉన్నా, అది చదవని మనిషిని ఇంటికి పంపకూడదన్న నిబంధన లేదు. ఇంత ఖాళీ ఉన్నచోట సంస్థ అధిపతి అంతరాత్మే నియంత్రణ సంస్థగా పనిచేయాల్సి వస్తోంది. అది రోగులకు న్యాయం కాదు, నిజాయితీగా నడిపే యజమానులకూ న్యాయం కాదు. శిక్షణకు ఖర్చుపెట్టే సంస్థ, పెట్టని సంస్థతో ధర దగ్గర పోటీపడలేకపోతోంది.

డబ్బు లేనివారి ఇంటికి

బంజారాహిల్స్ రోటరీ క్లబ్ ట్రస్టు 2011లో ప్రారంభించిన స్పర్శ్ హాస్పిస్ నయంకాని దశలో ఉన్న క్యాన్సర్ రోగుల దగ్గర డబ్బు తీసుకోదు. వార్డుతో పాటు ఇళ్ళకు వెళ్ళే బృందాలనూ నడుపుతోంది. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలత్ నాయకత్వంలో పెరిగిన ఉపశమన వైద్య (పాలియేటివ్) విభాగం ఎందరికో శిక్షణనిచ్చింది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచి, నర్సులు ఇంటింటికీ వెళ్ళడానికి వాహనాలు పెట్టింది. 1993లో కేరళలోని కోళికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు మొదలుపెట్టిన ఉద్యమం దీనికి ముందు నడిచిన దారి. అక్కడ ఊరివాళ్ళే వాలంటీర్లై పక్కింటి రోగిని చూసుకోవడం నేర్చుకున్నారు. 1993లోనే ఏర్పడిన మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ వృద్ధ కళాకారులకు పింఛను ఇస్తోంది. ఇరవైనాలుగు శాఖల సినీ కార్మికుల్లో మంచం పట్టినవాళ్ళకు ఇంటికొచ్చే నర్సును ఇచ్చే ఏర్పాటు కూడా పరిశ్రమ చేసుకోవలసి ఉంది. కావలసిన సంస్థలు, వాహనాలు, శిక్షణ ఇచ్చేవాళ్ళు అన్నీ పది కిలోమీటర్ల లోపే ఉన్నాయి.

ఈ సేవల్లో అన్నిటికన్నా బరువైన నిర్ణయం మార్ఫిన్ గురించి. క్యాన్సర్ నొప్పికి ఇది చవకైన, బాగా పనిచేసే మందు. మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి ఇలాంటి మందులను ‘అత్యావశ్యక మాదక మందులు’ అనే వర్గంగా గుర్తించి, రాష్ట్రానికో తీరుగా ఉన్న లైసెన్సుల గొడవ తగ్గించారు. ఇప్పుడు గుర్తింపు పొందిన సంస్థకు నొప్పి చికిత్సలో శిక్షణ పొందిన ఒక డాక్టరు, ప్రతి మాత్రకూ లెక్క రాసే రిజిస్టరు ఉంటే చాలు. అయినా తనిఖీల భయంతో, రిజిస్టరు పని ఎందుకని, చాలా సంస్థలు ఆ గుర్తింపు జోలికే పోవు. తమ రోగులను నొప్పితో ఇంటికి పంపి, మామూలు బిళ్ళలు రాసిస్తాయి. గుర్తింపు తెచ్చుకున్న సంస్థలో ఆ రిజిస్టరు కింద ఎవరో ఒక డాక్టరు బాధ్యత తీసుకుని సంతకం పెట్టి ఉంటారు. వాళ్ళ రోగి ఇంట్లో ఆ రాత్రి నిద్రపోతాడు.